తుంటికీ పళ్లకూ చుట్టరికం

తుంటి మీద కొడితే పళ్లు రాలాయన్న సామెత మనందరికీ తెలిసిందే. పొంతన లేని మాటకు దాన్ని వాడతాం. యిరవై యేళ్లుగా జనగామలో కాలేజీ పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఆ సామెతను సొంత వాక్యంలో వాడమని యెంతమంది చేత వ్రాయించానో లెక్క లేదు. కాని, దాన్ని పుట్టించినవాడికి కాస్తో కూస్తో వైద్యం తెలిసే వుంటుందని యీ మధ్య నాకు గట్టి నమ్మకం కలిగింది.

నా తుంటి జబ్బు మొదట మోకాలిలో బయటపడింది. 2022 వేసవిలో, గంటసేపు నిలబడి పాఠం చెప్పి వస్తే చాలు, కుడి మోకాలి లోపలివైపు ఒకటే పోటు. ఎక్స్‌రే తీయిస్తే మోకాలు నిక్షేపంగా వుంది. అయితే నడుం అయివుంటుందన్నారు. నడుముకు బెల్టు వచ్చింది. మావారు నువ్వులనూనె కాచారు. భూపాలపల్లి నుంచి మా అక్కయ్య సంచీడు వావిలాకు పంపింది. నొప్పి మాత్రం గజ్జలలోకి పాకింది. చెప్పు తొడుక్కుందామంటే పాదం నా మాట వినేది కాదు. చివరికి ఒక కుర్ర డాక్టరు నన్ను బల్లమీద పడుకోబెట్టి, మోకాలు మడిచి, కాలు మెల్లగా పక్కకు తిప్పారు. నా కేక వరండాలో కూర్చున్నవాళ్లందరికీ వినిపించిందట.

“మీ మోకాలు యే పాపమూ యెరగదమ్మా. అల్లరంతా తుంటిది,” అన్నారాయన.

తుంటికీ మోకాలికీ పోయే నరాలు కొన్ని ఒకే మొదలు నుంచి చీలుతాయి. అందుకని తుంటి చెడితే మోకాలు యేడుస్తుంది. నడివయసువారెవరికైనా మోకాలు బాగానే వుండి మోకాలు నొప్పి పుడుతున్నదంటే, ఒక్కసారి తుంటి కూడా చూడమని డాక్టరును అడగండి.

ఎమ్మారై తీశాక సంగతి తేలింది. తొడ యెముక పైకొసన గుండ్రని తల వుంటుంది. అది కటి యెముకలోని గిన్నెలో, రోట్లో పొత్రంలాగా తిరుగుతూ వుంటుంది. ఆ తలకు రక్తం తెచ్చే నాళాలు బహు సన్ననివి. అవి మూసుకుపోతే యెముక లోపల్లోపలే చచ్చిపోతుంది. మన బరువు మోయలేక కొన్నాళ్లకు చదునైపోతుంది. దీనికి కారణాలు చాలా వున్నాయి. యెక్కువగా తాగేవారికి వస్తుంది. మన అడవి ప్రాంతపు గిరిజన కుటుంబాలలో కనిపించే సికిల్ సెల్ అనే కొడవలి కణాల జబ్బు వున్న పిల్లలకు పాతికేళ్లు నిండకుండానే రావచ్చు. ఆటలమ్మను తరిమినట్లు 2021లో కోవిడ్‌ను తరమడానికి నాకు స్టెరాయిడ్లు బాగానే యిచ్చారు. ఆ మందులే నా ప్రాణం నిలబెట్టాయి. తుంటికి అవే కారణం కావచ్చునన్నారు. ప్రాణానికి తుంటి బదులు యిచ్చాననుకుంటే బేరం నష్టం కాదు.

తల చదును కాకముందే కనిపెడితే యెముకకు చిన్న రంధ్రం వేసి లోపలి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ వుంది. నాకు ఆ దశ దాటిపోయింది. మార్చవలసిందే అన్నారు. అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు.

యింతకంటే చిక్కు, యే తుంటి వేయించుకోవాలన్నది. హైదరాబాదులో మేము వెళ్లిన ఆసుపత్రిలో ఒక అబ్బాయి రేట్ల కాగితం పట్టుకు వచ్చి, చీరల కొట్టులో పరిచినట్లు నాలుగు రకాలు పరిచాడు. అది దిగుమతి, యిది స్వదేశం, అది “లేటెస్టు”, యిది “లైఫ్‌టైమ్”. చీర అయితే మడత విప్పి అంచు చూస్తాం. దీని అంచు యేదో, పోగు యేదో! మావారు ముఖం చూస్తే, యెంతైనా సరే ఖరీదైనదే వేయిద్దామన్నట్లుంది. రెండు రోజుల గడువు అడిగి యింటికి వచ్చేశాం.

కృత్రిమ తుంటిలో నాలుగు భాగాలు వుంటాయి. తొడ యెముక బోలులోకి దిగే కాడ, దాని కొసన బంతి, కటి యెముకలో కూర్చునే గిన్నె, గిన్నెకూ బంతికీ నడుమ అస్తరు. కాడనూ గిన్నెనూ సిమెంటుతో అతికించవచ్చు. లేదా గరుకుగా చేసిన టైటానియంను బిగువుగా దిగగొట్టి, యెముకే దానిలోకి పెరిగేటట్లు చేయవచ్చు. యెముక గట్టిగా వున్న నడివయసువారికి సాధారణంగా రెండో పద్ధతి. యెముక డొల్లబారిన ముసలివారికి చాలాచోట్ల సిమెంటు. యిక అరుగుదలంతా బంతికీ అస్తరుకూ నడుమ జరుగుతుంది. పేచీ అంతా అక్కడే.

ఆ పేచీ పాతది. 1890 ప్రాంతంలో బెర్లిన్‌లో గ్లక్ అనే వైద్యుడు యేనుగు దంతంతో కీళ్లు చేసి చూశాడు. యిప్పటి పద్ధతికి ఆద్యుడు ఇంగ్లండులో రైటింగ్‌టన్ ఆసుపత్రి సర్జన్ జాన్ చార్న్‌లీ. ఆయన మొదట టెఫ్లాన్‌తో గిన్నె చేశాడు. యిప్పుడు మనం దోసెల పెనానికి పూయించుకునే టెఫ్లానే! సుమారు మూడు వందల మందికి వేశాక, రెండు మూడేళ్లలోనే అది అరిగి పొడి అయింది. ఆ పొడి చుట్టూ యెముకను తినేసింది. ఒక్కొక్కరినే పిలిచి, తాను వేసినవాటిని తానే తీయవలసివచ్చింది. తరువాత ఆ ప్లాస్టిక్కుల ముక్కలను తన తొడలోనే పెట్టుకుని యే రకాన్ని ఒళ్లు సహిస్తుందో పరీక్షించుకున్నాడు. 1962 నవంబరులో పాలిథీన్ జాతి గట్టి ప్లాస్టిక్ గిన్నె వేశాడు. అది నిలిచింది. దానినే మరింత గట్టిపరచిన రకం 1990ల చివర నుంచి వాడుకలోకి వచ్చింది. నాకు యిప్పుడు వున్నది ఆ వంశమే.

అన్నట్లు, చార్న్‌లీ వాడిన సిమెంటు పళ్ల డాక్టర్ల దగ్గరి నుంచి తెచ్చుకున్నది. కట్టుడు పళ్ల చిగుళ్లు చేసే యాక్రిలిక్కే అది. తుంటికీ పళ్లకూ పొంతన లేదన్నది యెవరు?

కొత్తది కదా అని మంచిదనుకోకూడదనడానికి మన దేశంలోనే పెద్ద నిదర్శనం వుంది. జాన్సన్ అండ్ జాన్సన్ వారి డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే తుంటిని తెచ్చింది. బంతీ లోహమే, గిన్నే లోహమే. అరగదనీ, చురుకైన పడుచువారికి సరైనదనీ చెప్పారు. రెండు లోహాలూ ఒరుసుకుని కోబాల్టు, క్రోమియం రక్తంలోకి దిగాయి. చుట్టూ కండ చివికింది. 2010 ఆగస్టులో ప్రపంచమంతటా దాన్ని వెనక్కు పిలిచారు. అప్పటికి మన దేశంలో సుమారు 4,700 మందికి వేసివున్నారు. 2017లో కేంద్ర ప్రభుత్వం విచారణ సంఘం వేసి చూస్తే, వారిలో ఆచూకీ దొరికినవారు సుమారు వెయ్యి మంది! మిగతావారు యెక్కడ వున్నారో, తమ ఒంట్లో వున్నది యేదో వారికైనా తెలుసో లేదో. 2018లో పరిహారం లెక్క కట్టారు గాని, కాగితం లేనివాడు యేమని అడుగుతాడు?

యిది చదివాక నాకు రంగుల పుస్తకాల మీద భ్రమ పోయింది. ఫలితాలు లెక్క కట్టి వుంచే దేశాలు వున్నాయి. స్వీడన్‌లో 1979 నుంచి వేసిన ప్రతి తుంటికీ చిట్టా వ్రాస్తున్నారు. ఇంగ్లండులో ఓడెప్ అనే నిపుణుల సంఘం ఒక్కొక్క రకానికీ గుర్తు యిస్తుంది; 10ఏ అంటే, పదేళ్లు నిలిచినట్లు గట్టి ఆధారం వుందని. 2019లో లాన్సెట్ పత్రికలో బ్రిస్టల్ పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం, మార్చిన తుంటులలో నూటికి సుమారు 58 పాతికేళ్లు నిలుస్తాయి. అంటే నా వయసులో వేయించుకున్నవారు యింకోసారి బల్ల యెక్కవలసి రావచ్చునని కూడా అర్థం. “లైఫ్‌టైమ్” అన్న అబ్బాయి యెవరి జీవితకాలం చెప్పాడో!

గడువు తీరాక వెళ్లి డాక్టరుగారిని అడిగాను. “మీరు యేటా యిటువంటివి యెన్ని చేస్తారు? యే రకం మీ చేతికి బాగా అలవాటు? దానికి పదేళ్ల లెక్క వుందా? స్టిక్కర్ నాకు యిస్తారా?” ఆయన చిరాకు పడలేదు, నవ్వారు. నాలుగింటిలో ఖరీదులో మూడోదాన్ని చూపి, యిరవై యేళ్లుగా తాను వేస్తున్నది అదేనన్నారు. సిమెంటు లేని టైటానియం కాడ, పింగాణీ జాతి సిరామిక్ బంతి, గట్టి ప్లాస్టిక్ అస్తరు. బంతి 36 మిల్లీమీటర్లది. పెద్ద బంతి అంత సులువుగా గిన్నెలోంచి తప్పుకోదు. సిరామిక్ మీద సిరామిక్ కూడా వున్నది గాని, అరుదుగా కిర్రుమంటుందన్నారు. పాఠం నడుమ కిర్రుమంటే పిల్లలు వూరుకుంటారా? వద్దన్నాను.

ఖరీదు సంగతి కూడా చెప్పాలి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి భాగాల ధరకు పై హద్దు పెట్టింది. మామూలు కోబాల్టు క్రోమియం రకానికి అప్పుడు 54,720 రూపాయలు. ఆ ఉత్తర్వు మోకాలిది, తుంటిది కాదు. కాబట్టి తుంటి భాగాల ధర, ఆపరేషన్ ఖర్చు, గది అద్దె వేరువేరుగా కాగితం మీద వ్రాసివ్వమని అడగడం మన పనే.

తేదీ ఖాయమయ్యాక, దంతాల డాక్టరు దగ్గరికి వెళ్లిరమ్మన్నారు! పంటిలో చీము వుంటే ఆ క్రిమి రక్తంలో యీది కొత్త తుంటిని పట్టుకోవచ్చునట. అక్కడ క్రిమి పడితే వదిలించడం గగనం. నాది ఒక దవడ పన్ను తీసేశారు. యిక్కడ తుంటి కోసం పన్ను రాలింది. సామెత అక్షరాలా నిజమైంది.

2023 సంక్రాంతి సెలవులలో ఆపరేషన్ జరిగింది. మర్నాడు పొద్దున్నే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, “లేవండి మేడమ్,” అంది. కొత్త కాలు నేల మీద మోపి వాకర్ పట్టుకుని నాలుగు అడుగులు వేశాను. కుట్ల నొప్పి వుంది. ఆ గజ్జలలోని పాత పోటు మాత్రం లేదు. నాకు యేడుపు వచ్చింది. ఆ అమ్మాయికి అలవాటేమో, మాట్లాడకుండా నిలబడింది.

యింటికి వచ్చాకే అసలు పరీక్ష. నాకు వెనకవైపు నుంచి కోశారు కాబట్టి మూడు నిషేధాలు: తుంటిని లంబకోణం దాటి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. మన యిళ్లన్నీ యీ మూడు పనులు చేయించడానికే కట్టినట్లుంటాయి! గడప దగ్గర చెప్పులు, నేలమీద కత్తిపీట, కింది అరలో పప్పు డబ్బా, పెరటిలో పాత పద్ధతి మరుగుదొడ్డి. ఆపరేషన్‌కు వారం ముందే మావారు మంచం కోళ్ల కింద కర్ర దిమ్మలు పెట్టించారు. ఎత్తు కమోడ్ కుర్చీ తెచ్చారు. వంటగదిలో నాకు కావలసినవన్నీ నడుం ఎత్తుకు యెక్కాయి. యీ పనులు ఆపరేషన్ అయ్యాక చేద్దామనుకోకండి. యింటికి వచ్చిన తొలి గంటలోనే కమోడ్ కావలసివస్తుంది. రాత్రుళ్లు కాళ్ల మధ్య దిండు. రక్తం గడ్డ కట్టకుండా నెలపాటు మందు, గంటగంటకూ మడమలు పైకీ కిందికీ ఆడించడం. కర్ర మాత్రం కోసిన కాలివైపు కాదు, రెండో చేతిలో పట్టుకోవాలి. నాకు కుడి తుంటి, యెడమ చేతిలో కర్ర. మెట్లకు ఒక సూత్రం నేర్పారు: యెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు.

పదో వారంలో కాలేజీకి వెళ్లాను. మొదటి నెల కుర్చీలో కూర్చునే పాఠం చెప్పాను. పిల్లలు అల్లరి చేయలేదు. అదే నాకు దిగులు పుట్టించింది.

నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం యిక లేదు. గొంతుక్కూర్చోవడం అసలే వద్దన్నారు. వ్రతానికి పీట బదులు కుర్చీ వేయించుకుంటే, పెద్దవాళ్లు కొందరు వింతగా చూశారు. ఆ యేడు బతుకమ్మకు మూడు చుట్లు నిలువునా నడుస్తూ చప్పట్లు కొట్టాను, వంగలేదు. మా వీధి ఆడవాళ్లు నా కోసం కాస్త మెల్లగా తిరిగారు.

యిదంతా జరిగాక 2024లో, మహబూబాబాద్‌లో మా మరిది యింట వుంటున్న మా అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డారు. డెబ్బై తొమ్మిదేళ్లు. తొడ యెముక మెడ విరిగింది. చుట్టాలు పుత్తూరు కట్టు కట్టిద్దామన్నారు. చేయి విరిగితే కట్టు సంగతి వేరు. యెముక మెడ విరిగితే తలకు రక్తమే తెగిపోతుంది, కట్టు యేమి అతికిస్తుంది? మంచాన పడిన ముసలివారిని చంపేది విరిగిన యెముక కాదు. పుండ్లూ, వూపిరితిత్తులలో చేరే నిమ్మూ. రెండు రోజులలోపల ఆపరేషన్ కావాలని నేనూ మా మరిదీ పట్టుబట్టి వరంగల్ తీసుకువెళ్లాం. ఆమెకు నాలుగు రకాల పేచీ లేదు. గిన్నె ఆమెదే వుంచి, బంతీ కాడా మాత్రం మార్చి సిమెంటుతో అతికించారు. ఆ సిమెంటు మీ పళ్ల సెట్టు జాతిదేనని చెబితే, “అయితే గిది గుడ రాత్రి తీసి నీళ్లల్ల పెట్టాల్నా?” అన్నారు. యిప్పుడు వాకర్‌తో తులసికోట దాకా వెళ్తున్నారు.

భూపాలపల్లిలో మా అక్కయ్య భర్తది యింకో కథ. బావ సింగరేణిలో, భూమిలోపలి గనిలో ముప్ఫై యేళ్లు పనిచేశారు. ఆయన యెడమ తుంటి అరిగింది. నన్ను చూసి కొన్ని ప్రశ్నలు అడిగారు. సిమెంటు వున్నదానికీ లేనిదానికీ తేడా చెప్పబోతే, “గదెందుకు ఎర్కలేదు మరదలా! రూఫ్ బోల్టు కొట్టుడే గదా. రాయి గట్టిగుంటే ఒక తీరు, పొడిపొడిగుంటే ఒక తీరు,” అన్నారు. మా డాక్టరుగారు అరగంటలో చెప్పినది ఆయన ఒక్క ముక్కలో చెప్పారు.

కాని ఆయన ముందున్న చిక్కు లోహానిది కాదు. సింగరేణిలో మెడికల్ బోర్డు పనికి అనర్హుడని తేల్చితే, అర్హుడైన వారసుడికి ఉద్యోగం యిచ్చే పద్ధతి వుంది. కొడుకు డిగ్రీ చేసి మూడేళ్లుగా ఖాళీగా వున్నాడు. ముందు ఆపరేషన్ చేయించుకుని బాగా నడిస్తే, బోర్డువారు పైన యేదైనా పని చేయవచ్చునంటారేమోనని అక్కయ్య భయం. ముందు బోర్డుకు వెళితే ఆ నెలలన్నీ యీ నొప్పితోనే కుంటాలి. బావకు నొప్పి యెంత వుందో, అక్కయ్య కూడా పూర్తిగా యెరగదు. నాకు తెలుసు, అది నేను పడ్డాను కాబట్టి.

“నొప్పిని తాకట్టు పెట్టి ఉద్యోగం కొంటారా అక్కా?” అన్నాను.

“నెలనెలా జీతమొచ్చేటిదానివి, నువ్వు అంటవు,” అంది అక్కయ్య. దానికి నా దగ్గర జవాబు లేదు.

బావ యేమీ అనలేదు. నా ఫైలులోంచి స్టిక్కర్ అడిగి తీసుకుని, అద్దాలు సవరించుకుని, కంపెనీ పేరూ లాట్ నంబరూ పైకి చదివారు. “గిది మంచిగ దాచిపెట్టు,” అని తిరిగి యిచ్చారు. తరువాత తన ఎక్స్‌రేలన్నీ తేదీల వారీగా పేర్చి ఒక సంచిలో పెట్టమని కొడుక్కు చెప్పారు. ఆ సంచి ముందు కొత్తగూడెం బోర్డుకు వెళ్తుందో, ఆసుపత్రికి వెళ్తుందో యింకా తేలలేదు. భూపాలపల్లికి రైలు లేదు. యెక్కడికి వెళ్లాలన్నా బస్సే. ఆ రోజు నన్ను సాగనంపడానికి వచ్చి, పరకాల దాకా పనుందని తానూ బస్సు యెక్కారు. కమ్మీ పట్టుకుని ఒక్క క్షణం ఆగి, నేను నేర్పినట్లే కుడి కాలు ముందు వేశారు.